భూపలకలు, భూకంపాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

2024 డిసెంబరు 4న ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లా అడవుల కింద పుట్టిన 5.3 పరిమాణపు భూకంపం ఇటు హైదరాబాద్‌లోనూ అటు విజయవాడలోనూ జనాన్ని ఇళ్లలోంచి బయటికి రప్పించింది. మన నేలకు భూకంపాల బెడద లేదన్న నమ్మకం తెలుగువారిలో బలంగా ఉంది. ఆ నమ్మకం ఎంతవరకు నిజమో తెలియాలంటే ముందు నేల ఎందుకు కదులుతుందో తెలియాలి. అందుకే ఈ ప్రశ్నలు అడుగు నుంచి మొదలవుతాయి.

మన కాళ్ల కింది నేల నిజంగా కదులుతోందా? దాన్ని కొలిచి చూశారా?

కదులుతోంది, కొలిచారు కూడా. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అంటే ఎన్‌జీఆర్‌ఐ ప్రాంగణంలో, బెంగళూరులోని ఐఐఎస్సీలో నేలకు గట్టిగా బిగించిన జీపీఎస్ కేంద్రాలు ఏళ్ల తరబడి పనిచేస్తున్నాయి. ఉపగ్రహాల సంకేతాల ఆధారంగా అవి తమ స్థానాన్ని మిల్లీమీటర్లలో నమోదు చేస్తాయి. ఆ లెక్కల ప్రకారం దక్షిణ భారతం మొత్తం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్య దిక్కుగా సాగుతోంది. హైదరాబాద్, బెంగళూరు రెండూ దాదాపు ఒకే వేగంతో, ఒకే దిక్కుకు కదులుతున్నందువల్ల వాటి మధ్య దూరంలో చెప్పుకోదగ్గ మార్పు రాదు. అందుకే ఆ కదలిక మనకు తెలియదు.

భూపలక అంటే ఏమిటి? పలకలు లావా మీద తేలుతున్నాయన్న మాట సరైనదేనా?

సరైనది కాదు, కానీ చాలామంది అలాగే ఊహించుకుంటారు. భూమి వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లు. పైన భూపటలం ఉంటుంది. అది ఖండాల కింద సాధారణంగా 35 నుంచి 40 కిలోమీటర్లు, సముద్రాల కింద దాదాపు 7 కిలోమీటర్లు మందం ఉంటుంది. దాని కింద సుమారు 2,900 కిలోమీటర్ల లోతు వరకు ఉన్నది ప్రావారం. అంతకు కింద ఇనుము ప్రధానంగా ఉన్న కేంద్రమండలం ఉంది. భూపటలమూ, దానికి అంటుకుని ఉన్న ప్రావారపు పైభాగమూ కలిసి దాదాపు వంద కిలోమీటర్ల మందాన ఒకే గట్టి పెంకుగా ఉంటాయి. ఆ పెంకు ముక్కలే పలకలు. వాటి కింది ప్రావారం కరిగిన లావా కాదు, ఘనరాయే. అయితే తీవ్రమైన వేడి, ఒత్తిడి వల్ల లక్షల సంవత్సరాల వ్యవధిలో అతి నిదానంగా పారగలిగే స్థితిలో ఉంటుంది. రాయి నిజంగా కరిగేది కొన్ని చోట్ల, కొద్ది మోతాదులో మాత్రమే.

పలకలను నడిపించేది ఏమిటన్న ప్రశ్నకు ప్రావారంలోని ఉష్ణ ప్రవాహాలే కారణమని పాఠ్యపుస్తకాలు చెప్పి ఊరుకుంటాయి. దానికన్నా ముఖ్యమైన బలం మరొకటి ఉంది. చల్లబడి బరువెక్కిన సముద్రపు పలక ఒక అంచున ప్రావారంలోకి దిగబడుతూ, తన వెనుకనున్న పలకనంతా తన బరువుతో లాగుతుంది.

పలకలు కదులుతాయన్న సిద్ధాంతాన్ని శాస్త్రవేత్తలు ఎప్పుడు, ఎలా అంగీకరించారు?

జర్మన్ వాతావరణ శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ వెజెనర్ 1912లో ఖండాలు ఒకప్పుడు కలిసి ఉండి విడిపోయాయని ప్రతిపాదించారు. గ్లాసోప్టెరిస్ అనే వృక్షజాతి శిలాజాలు భారతదేశంలోనూ ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాలలోనూ దొరకడం వంటి ఆధారాలు చూపినా, ఖండాలను కదిలించే బలమేదో ఆయన నమ్మకంగా చెప్పలేకపోయారు. 1930లో గ్రీన్‌లాండ్ మంచులో ఆయన మరణించేనాటికి ఎక్కువమంది ఆ వాదాన్ని పక్కన పెట్టేశారు. సముద్రం అడుగున ఉన్న పర్వతశ్రేణుల వద్ద కొత్త నేల పుట్టి రెండు వైపులకూ జరుగుతోందని 1962లో హ్యారీ హెస్ వివరించారు. ఆ శ్రేణులకు ఇరువైపులా రాళ్లలో అయస్కాంత దిశలు ఒకే వరుసలో తారుమారు కావడం ఆ కొత్త నేల పుట్టుకకే సాక్ష్యమని వైన్, మాథ్యూస్ అనే ఇద్దరు 1963లో చూపారు. ఆ దశాబ్దం ముగిసేలోగా పలక విరూపక సిద్ధాంతం స్థిరపడింది.

ఈ సిద్ధాంతానికి సాక్ష్యం మన ఇంటి ముంగిటే ఉంది. విశాఖపట్నంలో కైలాసగిరి కొండను కోసి వేసిన దారి పక్కన ఆగి చూస్తే, తుప్పు రంగు కలిసిన ఎర్రటి రాయిలో గోమేధికాన్ని పోలిన ముదురు ఎరుపు గార్నెట్ గింజలు కనిపిస్తాయి. ఆ రాయి పేరు ఖొండలైట్. తూర్పు కనుమల ఈ రాళ్లకు వయసులోనూ స్వభావంలోనూ సరిపోలే రాళ్లు తూర్పు అంటార్కిటికా తీరంలో ఉన్నాయి. సుమారు 13 కోట్ల సంవత్సరాల క్రితం వరకు ఆ రెండూ ఒకే నేల.

హిమాలయాలు ఎలా ఏర్పడ్డాయి?

అంటార్కిటికా, ఆస్ట్రేలియాల నుంచి, ఆ తరువాత మడగాస్కర్ నుంచి విడివడిన భారత పలక ఉత్తర దిక్కుగా ప్రయాణించింది. ఒక దశలో దాని వేగం ఏడాదికి 15 సెంటీమీటర్లు దాటింది. భూమి చరిత్రలో అది అసాధారణమైన వేగం. దారిలో, సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం, దక్కన్ లావా పొంగింది. తెలంగాణ పడమటి జిల్లాల నల్లరేగడికి మూలమైన రాయి అదే. ఆ లావా రాజమండ్రి పరిసరాల్లోనూ కనిపిస్తుంది. సుమారు 5 కోట్ల సంవత్సరాల క్రితం మన పలక ఆసియాను ఢీకొంది. మధ్యనున్న టెథిస్ సముద్రం మూసుకుపోయి, దాని అడుగు మట్టి ముడతలు పడి పైకి లేచింది. ఎవరెస్టు శిఖరం మీది సున్నపురాయి ఒకప్పటి సముద్రగర్భం.

ఢీకొన్నా ప్రయాణం ఆగలేదు. మన పలక సాగే వేగంలో ఏడాదికి సుమారు 2 సెంటీమీటర్ల మేర హిమాలయాల కింద బిగిసిపోయి, ఒత్తిడిగా పేరుకుంటోంది. 1934లో బిహార్–నేపాల్, 1950 ఆగస్టు 15న అస్సాం, 2015 ఏప్రిల్ 25న నేపాల్ భూకంపాలు ఆ బిగువు విడివడిన సందర్భాలే. వీటిలో 1950 నాటిది 8.6 పరిమాణంతో భూభాగం మీద నమోదైన భూకంపాలన్నింటిలోకీ అతి పెద్దవాటిలో ఒకటి.

పలకల అంచులు ఎన్ని రకాలు?

మూడు. పలకలు ఒకదానికొకటి దూరంగా జరిగే అంచుల్లో కొత్త నేల పుడుతుంది. ఐస్‌లాండ్, అరేబియా సముద్రపు దక్షిణాన ఉన్న కార్ల్స్‌బర్గ్ శ్రేణి ఇటువంటివి. ఎదురెదురుగా వచ్చే అంచుల్లో ఒకటి మరొకదాని కిందికి దిగుతుంది, లేదా హిమాలయాల్లో మాదిరిగా రెండూ నలిగి పైకి లేస్తాయి. పక్కపక్కనే ఒరుసుకుంటూ సాగేవి మూడో రకం. కాలిఫోర్నియాలోని శాన్ ఆండ్రియాస్ భ్రంశం (రాతిలోని పెద్ద పగులు), మయన్మార్‌లోని సగాయింగ్ భ్రంశం ఈ కోవలోనివి.

భూకంపం వచ్చే క్షణంలో భూమి లోపల ఏం జరుగుతుంది?

భ్రంశం అంటే రాతిలో పగిలి, ఇరువైపులా జరగగలిగే తలం. రెండు వైపుల రాయి కదలాలని చూస్తున్నా రాపిడి వల్ల ఆ తలం బిగుసుకుని ఉంటుంది. దాంతో రాయి కొద్దికొద్దిగా వంగుతూ, వెదురుబద్దను వంచినట్టు, శక్తిని లోపల దాచుకుంటుంది. రాపిడి తట్టుకోలేని క్షణాన తలం జారిపోయి, వంగిన రాయి ఒక్కసారిగా సర్దుకుంటుంది. 1906 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపం తరువాత కంచెలు, రోడ్లు ఎంతెంత పక్కకు జరిగాయో కొలిచి ఈ వివరణ ఇచ్చినవారు హ్యారీ ఫీల్డింగ్ రీడ్.

జారడం మొదలైన చోటును నాభి అనీ, దానికి సూటిగా పైన నేల మీదున్న చోటును అధికేంద్రం అనీ అంటారు. అక్కడి నుంచి ముందుగా ప్రాథమిక తరంగాలు బయలుదేరతాయి. ఇవి భూపటలంలో సెకనుకు సుమారు 6 కిలోమీటర్ల వేగంతో, రాయిని ముందుకూ వెనక్కూ నొక్కుతూ సాగుతాయి. వీటి వెనుక 3.5 కిలోమీటర్ల వేగంతో, రాయిని అటూ ఇటూ ఊపే ద్వితీయ తరంగాలు వస్తాయి. ఇళ్లకు నష్టం చేసేవి ప్రధానంగా ఈ రెండో రకమూ, నేల పైపొరల్లో పాకే ఉపరితల తరంగాలూ. మొదటి అదురుకూ రెండో ఊపుకూ మధ్య ఎన్ని సెకన్లు గడిచాయో లెక్కపెట్టి, ఒక్కొక్క సెకనుకు ఎనిమిది కిలోమీటర్ల చొప్పున వేసుకుంటే భూకంపం ఎంత దూరాన పుట్టిందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. మూడు కేంద్రాల నుంచి ఇలా దూరాలు తెలిస్తే చోటు దొరికిపోతుంది. ఈ రెండు తరంగాలనూ నమోదు పత్రాల్లో స్పష్టంగా వేరుచేసి చూపినది రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్. ఆయన భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో పనిచేస్తూ 1897 నాటి అస్సాం మహాభూకంపాన్ని అధ్యయనం చేశారు.

పత్రికలు “తీవ్రత 5.3” అని రాస్తాయి. అది ఏ తీవ్రత?

అది భూకంపపు పరిమాణం, అంటే నాభి వద్ద విడుదలైన శక్తికి కొలత. ఒక భూకంపానికి ఒకే పరిమాణం ఉంటుంది. ఒక ఊళ్లో నేల ఎంత ఊగింది, ఏమేం పడిపోయాయి అన్నదే అసలు తీవ్రత, దానికి వేరే కొలమానం ఉంది. సవరించిన మెర్కల్లి కొలమానంలో అది ఒకటి నుంచి పన్నెండు వరకు ఉంటుంది. ఇది ఊరూరికీ మారుతుంది. పరిమాణం ఒక అంకె పెరిగితే నేల ఊపు యంత్రంలో పది రెట్లు పెరిగినట్టు, శక్తి సుమారు 32 రెట్లు పెరిగినట్టు లెక్క. రిక్టర్ 1935లో రూపొందించిన స్కేలు పెద్ద భూకంపాలకు సరిగా పనిచేయదు. అందుకే ఇప్పుడు ఎక్కువగా మొమెంట్ మాగ్నిట్యూడ్ అనే మరో కొలమానాన్ని వాడుతున్నారు, అయినా రిక్టర్ పేరు జనం నోట నిలిచిపోయింది.

చిన్న భూకంపాలు తరచూ వస్తే పెద్దది రాకుండా పోతుందా?

పోదు. 7 పరిమాణపు భూకంపంలోని శక్తి చిన్నవాటి రూపంలో ఖర్చు కావాలంటే 5 పరిమాణపు భూకంపాలు దాదాపు వెయ్యి రావాలి. ప్రకృతిలో ఆ నిష్పత్తి ఎక్కడా కనిపించదు.

మనం పలక అంచున లేము కదా, దక్కన్ పీఠభూమి సురక్షితం కాదా?

ఈ పేజీలో అన్నింటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. అంచుతో పోలిస్తే ఇక్కడ పెద్ద భూకంపాలు చాలా అరుదు, అంతే. రావని అర్థం కాదు. హిమాలయాల వద్ద పలక ఢీకొంటున్న ఒత్తిడి పలక లోపలి భాగాలకూ అందుతుంది. అక్కడ కోట్ల ఏళ్ల నాటి పాత పగుళ్లుంటే అవి ఆ ఒత్తిడికి ఎప్పుడో ఒకప్పుడు లొంగుతాయి.

1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషాలకు మహారాష్ట్రలోని కిల్లారి వద్ద వచ్చిన భూకంపం 6.2 పరిమాణానిది. ముందురోజు వినాయక నిమజ్జనం జరిగింది. అలసి నిద్రపోతున్న జనంలో దాదాపు ఎనిమిది నుంచి పది వేల మంది మరణించారు. అంత పరిమాణపు భూకంపాలు ప్రపంచంలో ఏటా పదుల సంఖ్యలో వస్తాయి, వాటిలో చాలావాటికి ఒక్క ప్రాణం కూడా పోదు. మరి కిల్లారిలో ఎందుకు పోయాయి? నాభి పది కిలోమీటర్ల లోతు లోపే ఉండడం ఒక కారణం. అసలు కారణం ఇళ్లు. అక్కడి గోడలు రెండున్నర, మూడు అడుగుల మందంతో బండరాళ్లను బురదమట్టితో పేర్చి కట్టినవి. లోపలి వరుసకూ వెలుపలి వరుసకూ మధ్య రాతిముక్కలు, మట్టి నింపారే తప్ప, రెండు వరుసలనూ కలిపి పట్టే పొడవాటి అడ్డురాయి లేదు. ఎండ వేడి లోపలికి రాకుండా దూలాల మీద అడుగు, అడుగున్నర మందాన మట్టి కప్పారు. ఊపు రాగానే గోడ నిలువునా రెండు పొరలుగా చీలిపోయింది, పైనున్న మట్టి టన్నుల బరువుతో నిద్రిస్తున్నవారి మీద పడింది. అదే ఊళ్లలో తేలికపాటి గుడిసెలు చాలావరకు నిలిచాయి.

అప్పటి భూకంప ప్రమాద పటంలో కిల్లారి అన్నింటికన్నా తక్కువ ముప్పున్న ఒకటో మండలంలో ఉంది. 2002లో పటాన్ని సవరించినప్పుడు ఆ ఒకటో మండలాన్నే తీసివేసి రెండో దానిలో కలిపేశారు. దేశంలో ముప్పు లేని మండలమంటూ అక్కడితో లేకుండా పోయింది. కిల్లారికి హైదరాబాద్ రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరమే. ఆ ఊపు నగరంలో చాలామందికి తెలిసింది.

తెలుగు రాష్ట్రాల్లో ఏ ప్రాంతాలకు ముప్పు ఎక్కువ?

2002 నాటి పటం ప్రకారం హైదరాబాద్, విశాఖపట్నం రెండో మండలంలోనూ, విజయవాడ, ఒంగోలు, నెల్లూరు, భద్రాచలం మూడో మండలంలోనూ ఉన్నాయి. 1967 మార్చి 27న ఒంగోలు వద్ద 5.4, 1969 ఏప్రిల్ 13న భద్రాచలం వద్ద 5.7 పరిమాణపు భూకంపాలు వచ్చాయి.

గోదావరి లోయ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. దక్షిణాది ఖండాలన్నీ గోండ్వానా అనే ఒకే భూఖండంగా ఉన్న కాలంలో ఇక్కడి భూపటలం సాగి, రెండు వైపులా పగుళ్ల మధ్య కుంగింది. ఆ పల్లంలో పేరుకున్న అడవుల అవశేషాలే నేటి సింగరేణి బొగ్గు. బొగ్గును ఇచ్చిన ఆ కుంగుబాటే పాత పగుళ్లనూ మిగిల్చింది. భద్రాచలం, ములుగు భూకంపాలు రెండూ ఈ లోయలోనే పుట్టాయి. పోలవరం, సింగరేణి వంటి పెద్ద నిర్మాణాలున్న ప్రాంతం కాబట్టి ఈ లోయ మీద నిరంతర పరిశీలన ఎంత ఉన్నా ఎక్కువ కాదు.

వానలు పడ్డాక భూమిలోంచి శబ్దాలు వస్తున్నాయి. భయపడాలా?

2020 అక్టోబరులో హైదరాబాద్ బోరబండలో ఇలాగే జరిగింది. భారీ వర్షాల తరువాత నీరు గ్రానైట్ పగుళ్లలోకి దిగి, వాటిలోని ఒత్తిడిని మార్చినప్పుడు అతి చిన్న ప్రకంపనలు వస్తాయి. నాభి చాలా పైపైనే ఉండడం వల్ల, ఊపు కన్నా శబ్దమే పెద్దగా వినిపిస్తుంది. ఇవి సాధారణంగా కొన్ని వారాల్లో సద్దుమణుగుతాయి.

జలాశయాల వల్ల భూకంపాలు వస్తాయా?

కొన్నిచోట్ల వస్తాయి. ప్రపంచమంతా చెప్పుకునే ఉదాహరణ మహారాష్ట్రలోని కోయనా. 1962 ప్రాంతంలో జలాశయం నిండడం మొదలైన తరువాత ప్రకంపనలు పెరిగి, 1967 డిసెంబరు 11న 6కు పైబడిన భూకంపం సుమారు 180 మందిని బలిగొంది. నేటికీ అక్కడ చిన్న ప్రకంపనలు ఆగలేదు. వాటి మూలాన్ని తెలుసుకోవడానికి అక్కడ మూడు కిలోమీటర్ల లోతు బోరు కూడా వేశారు. నీటి బరువు, పగుళ్లలోకి ఊరే నీటి ఒత్తిడి కలిసి, జారడానికి అప్పటికే సిద్ధంగా ఉన్న భ్రంశాన్ని ముందుగా కదిలిస్తాయి. అటువంటి భ్రంశం లేనిచోట ఎంత నీరు నిలిపినా పెద్ద భూకంపం రాదు. కాబట్టి ప్రతి డ్యామునూ అనుమానించడం తగదు.

ఫలానా తేదీన భూకంపం వస్తుందని వాట్సాప్‌లో వస్తుంది. నమ్మవచ్చా?

నమ్మవద్దు. తేదీ, చోటు, పరిమాణం ముందుగా చెప్పగల పద్ధతి ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదు. చైనాలోని హైచెంగ్‌లో 1975లో ముందస్తు ప్రకంపనలను గమనించి జనాన్ని ఖాళీ చేయించారు. అయితే మరుసటి ఏడాది తాంగ్షాన్‌లో ఏ సూచనా అందలేదు, రెండు లక్షల నలభై వేలకు పైగా మరణించారు. జపాన్ వంటి దేశాల్లో ఫోన్లకు వచ్చే హెచ్చరిక జోస్యం కాదు. అప్పటికే పుట్టిన భూకంపపు ప్రాథమిక తరంగాలను యంత్రాలు పట్టుకుని, నష్టం చేసే తరంగాలు చేరేలోపు కొన్ని సెకన్ల వ్యవధి ఇస్తాయి.

ఎక్కడో దూరాన వచ్చిన భూకంపానికి ఎత్తైన భవనాలే ఎందుకు ఊగుతాయి?

దూరం పోయేకొద్దీ వేగంగా అదిరే తరంగాలు అణగిపోయి, నిదానంగా ఊపే తరంగాలు మిగులుతాయి. ఎత్తైన భవనాల సహజమైన ఊపు కూడా నిదానమైనదే కాబట్టి అవి ఆ తరంగాలకు స్పందిస్తాయి. మెత్తని మట్టి ఆ ఊపును ఇంకా పెంచుతుంది. 2025 మార్చి 28న మయన్మార్‌లో వచ్చిన 7.7 పరిమాణపు భూకంపానికి దాదాపు వెయ్యి కిలోమీటర్ల దూరంలో, బంకమట్టి నేల మీదున్న బ్యాంకాక్‌లో నిర్మాణంలో ఉన్న బహుళ అంతస్తుల భవనం కూలిపోయింది. కృష్ణా డెల్టా ఒండ్రు నేల మీద ఎత్తుకు ఎత్తు కడుతున్నవారు ఈ ఉదాహరణను మరువకూడదు.

మన తీరానికి సునామీ మళ్లీ రావచ్చా?

రావచ్చు. 2004 డిసెంబరు 26న సుమత్రా–అండమాన్ రేఖ వెంట 1,300 కిలోమీటర్ల పొడవున పలక అంచు జారింది. సముద్రగర్భం లేచి, లేపిన నీరు సుమారు రెండున్నర గంటల్లో మన తీరాన్ని తాకింది. ఆంధ్ర తీరంలో వందమందికి పైగా మరణించారు, వారిలో మత్స్యకారులే ఎక్కువ. నాడు హెచ్చరిక వ్యవస్థ లేదు. 2007 నుంచి హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార సంస్థ, అంటే ఇన్‌కాయిస్, సునామీ హెచ్చరిక కేంద్రంగా పనిచేస్తోంది. సముద్రం అకస్మాత్తుగా వెనక్కి తగ్గితే చేపల కోసమో చూడడానికో ముందుకు వెళ్లకుండా, వెంటనే మెరక ప్రాంతానికి వెళ్లాలి.

కొనబోయే అపార్ట్‌మెంటులో ఏం చూడాలి?

కింద కారు పార్కింగ్ కోసం గోడలు లేకుండా పిల్లర్లు మాత్రమే వదిలి, పైన ప్రతి అంతస్తులో ఇటుక గోడలు నింపితే, ఊపంతా ఆ కింది పిల్లర్ల మీదే పడుతుంది. 2001 జనవరి 26న భుజ్ భూకంపానికి, రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరానున్న అహ్మదాబాద్‌లో కూలిన భవనాల్లో ఇటువంటివి చాలా ఉన్నాయి. మన నగరాల్లో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లు ఎక్కువభాగం ఇదే తీరులో ఉన్నాయి. పార్కింగ్ ఉండకూడదని కాదు, ఆ పిల్లర్లను అందుకు తగ్గట్టు డిజైన్ చేసి ఉండాలి, లేదా కొన్నిచోట్ల కాంక్రీటు గోడలు దించి ఉండాలి.

నిర్మాణ దశలోనే చూడగలిగితే పిల్లరు చుట్టూ కట్టే రింగులను దగ్గరగా చూడండి. రింగు కొసలను 90 డిగ్రీలకు మడిచి వదిలేస్తే ఊపులో పైనున్న కాంక్రీటు రాలగానే అవి విచ్చుకుని, నిలువు ఇనుము బయటికి ఉబ్బిపోతుంది. 135 డిగ్రీలకు, అంటే కొస పిల్లరు లోపలి కాంక్రీటులోకి దిగేలా మడవాలని ఐఎస్ 13920 అనే భారత నిర్మాణ ప్రమాణం చెబుతోంది. బీముకు దగ్గరగా ఉన్న చోట రింగుల మధ్య ఎడం తగ్గాలి. దీనికయ్యే అదనపు ఖర్చు చాలా తక్కువ. ఇంజనీరు గీసి ఇచ్చినా, కమ్మీ వంచే పనివారికి ఎవరూ చెప్పకపోవడం వల్లే ఎక్కువగా ఇది జరగదు.

మా పిల్లలు కాలిఫోర్నియాలో ఉంటున్నారు. అక్కడి పరిస్థితి ఏమిటి?

తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే ఫ్రీమాంట్ పట్టణం గుండానే హేవార్డ్ భ్రంశం వెళ్తుంది. 2014 నుంచి ముప్పై ఏళ్లలో శాన్‌ఫ్రాన్సిస్కో బే ప్రాంతంలో 6.7 లేదా అంతకు మించిన భూకంపం కనీసం ఒకటి వచ్చే అవకాశం 72 శాతమని అమెరికా భూగర్భ సర్వే అంచనా. అక్కడి చెక్క ఇళ్లు పునాదికి బోల్టులతో బిగించి ఉంటే ఊపును బాగా తట్టుకుంటాయి. పాత ఇల్లు కొనేటప్పుడు ఆ బోల్టులు ఉన్నాయో లేదో తప్పక చూపించుకోవాలి, మైషేక్ హెచ్చరిక యాప్‌ను ఫోన్లో పెట్టుకోవాలి.

ఊపు మొదలైతే ఆ క్షణంలో ఏం చేయాలి?

అది ఏ ఇల్లు అన్నదాన్ని బట్టి ఉంటుంది. కాంక్రీటు భవనంలో పై అంతస్తులో ఉంటే పరుగెత్తవద్దు. మెట్లు, బాల్కనీలు, పిట్టగోడలు ముందుగా దెబ్బతింటాయి, లిఫ్టు ఆగిపోతుంది. గట్టి బల్ల కిందికి దూరి దాని కాలు పట్టుకోవాలి, బల్ల లేకపోతే లోపలి గోడ మూలన కూర్చుని తలను చేతులతో కప్పుకోవాలి. మట్టిగోడల ఇంట్లోనో పెంకుటింట్లోనో తలుపు పక్కనే ఉంటే ఆరుబయటికి వచ్చేయడమే మేలు. వచ్చాక గోడల పక్కన, కరెంటు తీగల కింద నిలబడకూడదు. ఊపు ఆగాక గ్యాస్ కట్టేసి, మెయిన్ స్విచ్ ఆపి, మెట్ల మీదుగా దిగాలి. ఆ తరువాత అనంతర ప్రకంపనలు రావడం సహజం కాబట్టి, పగుళ్లు కనిపించిన ఇంట్లోకి సామాను కోసం వెనక్కి వెళ్లకూడదు.

ముందుగా చేయదగినది మరొకటి ఉంది. మన పడకగదుల్లో మంచానికి సరిగ్గా పైన సజ్జ మీద ఇత్తడి బిందెలు, పాత సూట్‌కేసులు, గ్రైండర్లు పెట్టే అలవాటు ఉంది. వాటిని కిందికి దించండి, లేదా మంచాన్ని అక్కడి నుంచి జరపండి. నిలువెత్తు బీరువాను వెనుక గోడకు రెండు మేకు పట్టీలతో బిగించండి.